ఆ పాట పాడిందెవరు?

హైదరాబాద్,
జూన్ మొదటివారం.

ఉషక్కకు,

ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ ఫోన్ మాత్రం చెయ్యకు. గొంతులో చిన్న గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. డాక్టరు సరేననేదాకా నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుసలు కూడా పనికిరావట. మెసేజ్ పెడితే నువ్వు ఊరుకోవు, వెంటనే వీడియో కాల్ చేస్తావు. నీ ముఖం చూస్తే నేను ఊరుకోలేను. అందుకని ఉత్తరం. ఇదివరకు నీకు ఉత్తరం రాసింది నీ పెళ్ళయిన కొత్తలో. పలాస వెళ్ళి నన్ను మరిచిపోయావని దెబ్బలాడుతూ రాశాను.

కంగారు పడాల్సిందేమీ లేదు. పాడేవాళ్ళకి ఇలాంటివి వస్తూనే ఉంటాయి. కొత్త ఆల్బమ్ ఆలస్యమవుతుందేమో అనుకున్నాను గానీ మ్యూజిక్ కంపెనీ మేనేజర్ శ్రీనివాస్ వచ్చి, "మీరు రెస్ట్ తీసుకోండి మేడమ్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. పళ్ళబుట్ట కూడా తెచ్చాడు.

పలక మీద రాసి చూపిస్తూ కాలక్షేపం చేస్తున్నాను. నిన్న వంటావిడకి "ఉప్పు తక్కువ" అని రాసి చూపించాను. ఆవిడకి చదువు రాదు. పలకని అటూ ఇటూ తిప్పి, "బాగుందమ్మా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం, నేను చప్పుడు లేకుండా.

అమ్మకి ఆపరేషన్ అని చెప్పకు. జలుబని చెప్పు. ధర్మారావు బావకి, మీ జీడి షెడ్డులో అందరికీ నమస్కారాలు.

నీ చెల్లి,
యామిని


పలాస,
జూన్ చివర.

యామినీ,

నీ ఉత్తరం చూసి మీ బావ హడలిపోయారు. "ఈ రోజుల్లో ఉత్తరమేటే? కోర్టు నోటీసేమో సూడు" అన్నారు. నేను చదివి నవ్వాను, తరవాత కూర్చుని ఏడ్చాను. చిన్న గడ్డకి మాట కూడా వద్దంటారా ఎవరైనా? నువ్వు చెప్పింది సగమేనని నాకు తెలుసు. చిన్నప్పుడు చెట్టెక్కి పడినప్పుడు కూడా "గీసుకుంది" అన్నావు, చూస్తే చెయ్యి విరిగింది.

మీ అమ్మకి జలుబనే చెప్పాను. "జలుబయితే మిరియాల కసాయం తాగమను, ఆ కూలు డ్రింకులవీ మానీమను" అంది సూరమ్మ పిన్ని.

ఇక్కడ మాకు ఊపిరాడని పని. షెడ్డు నిండా జీడిపిక్కలు దిగాయి. ఆడవాళ్ళ చేతులన్నీ జీడి సొనతో నల్లబడి ఉన్నాయి.

ఇంకో సంగతి. మొన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీ కొట్టులో నీ కొత్త పాట వేశారు. "మిరప మిఠాయి" అట. కుర్రాళ్ళు గంతులేస్తున్నారు. ఆపరేషనుకి ముందే పాడి పెట్టావనుకున్నాను. కానీ పాటంతా విన్నాను యామినీ, నువ్వు ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా. నీ పాటల్లో పైకెళ్ళే ముందు చిన్నగా గాలి పీల్చడం వినిపిస్తుంది, నాకు అదే ఇష్టం. మీ బావ కూడా, "మీ సెల్లి గొంతుని సలవకి ఏసినట్టున్నారే" అన్నారు.

ఎప్పుడు పాడావు ఇది?

ఉష


హైదరాబాద్,
జూలై.

అక్కా,

ఆ పాట నేను పాడలేదు.

నీ ఉత్తరం చదివాక ఫోన్లో వెతికి విన్నాను. దాని వరస కూడా నాకు తెలియదు. నా పాత పాటలన్నీ కంప్యూటరుకి తినిపించి, దానిచేత నా గొంతుతో పాడించారు. మేం చూసుకుంటామన్నది ఇదన్నమాట. శ్రీనివాస్‌ని పిలిచి పలక మీద "పాడింది ఎవరు?" అని రాశాను. "మీ వాయిసే కదా మేడమ్. మీరు హాస్పిటల్లో ఉన్నా ఆడియన్స్ మిమ్మల్ని మిస్ అవలేదు. అగ్రిమెంట్లో వాయిస్ వాడుకునే హక్కు మాకుంది" అన్నాడు. పలక వాడి మీదకి విసరబోయి ఆగిపోయాను. అరవలేని మనిషికి కోపం వస్తే ఎంత నరకమో నీకు తెలియదు.

నువ్వన్నది నిజం, నేను సగమే చెప్పాను. మిగతా సగం ఇది. వారం క్రితం డాక్టరు మాట్లాడనిచ్చారు. స్వరం వచ్చింది. కానీ నాది కాదు. బొంగురుగా, కిందకి జారిపోయి, అమ్మ గొంతులా ఉంది. పైస్థాయి పోయింది, ఇక రాదన్నారు. జనం ఈలలు వేసేది ఆ పైస్థాయికే. రెండు రోజులు తలుపు వేసుకుని పడుకున్నాను.

మూడోరోజు లేచి ఆ మిరప మిఠాయి మళ్ళీ విన్నాను. పాతికేళ్ళ యామిని చక్కగా, అలుపు లేకుండా, చెమట పట్టకుండా పాడుతోంది. దానికి ఇక గొంతు నొప్పి రాదు, వయసు రాదు, కంపెనీకి ఎదురు చెప్పదు. అప్పుడు నాకు ఏడుపు ఆగి ఒళ్ళు మండింది. నేను ఇంకా బతికే ఉన్నాను కదక్కా! ఈ గొంతుతోనే పాడతాను. ఒక్క గిటారు, నేను. ఎదురుగా మనుషులు. మెషీన్ దిద్దుబాటు లేకుండా, తప్పు పోతే తప్పుతోనే రికార్డు చేసి బయటపెడతాను. నేను సొంతంగా రాసుకున్న పాటలు ఉన్నాయి, కంపెనీ వాళ్ళు "ఇవి ఎవరు వింటారు" అని పక్కన పడేసినవి. వాటి మీద వాళ్ళకి హక్కు లేదు.

ఇక్కడ ఇద్దరు హాలు వాళ్ళని అడిగాను. సరేనన్నారు, మర్నాడు కుదరదన్నారు. ఎవరు ఫోన్ చేసి ఉంటారో అడగక్కర్లేదు.

యామిని


పలాస,
జూలై.

యామినీ,

హాలు లేకపోతే మా షెడ్డు లేదూ? వర్షాలు తగ్గాక పిక్కలు ఖాళీ అయిపోతాయి. కడిగించి బొంతలు పరిపిస్తాను. వచ్చెయ్.

మీ బావని అడిగానా అని అడక్కు. అడిగాను. "దాని గొంతు దానిది కాదనీసినోడెవడు? రమ్మను" అన్నారు.

పిన్నికి మొత్తం చెప్పేశాను. నన్ను తిట్టుకో. ఆవిడ ఏమందో రాస్తాను, నీకు నవ్వొస్తుంది. "నా గొంతులాగ అయిపోనాదని ఏడుత్తందేటి? నా గొంతుకేటి తక్కువ? నాను కేకేత్తే తోట అవతలున్నోళ్ళు పలుకుతారు" అంది.

ఉష


హైదరాబాద్,
సెప్టెంబరు.

అక్కా,

అమ్మ మాట చదివి గట్టిగా నవ్వాను. ఆపరేషన్ తరవాత చప్పుడుతో వచ్చిన మొదటి నవ్వు. బొంగురుగానే ఉంది, బాగుంది.

కంపెనీకి పలాస సంగతి కూడా తెలిసిపోయింది. "మా అనుమతి లేకుండా ఎక్కడా పాడకూడదు" అని నోటీసు వచ్చింది. లాయరుకి చూపించాను. వాళ్ళ పాటలు పాడకూడదంతే, నా పాటలు నేను పాడుకోవడాన్ని ఆపలేరని ఆయన అన్నారు. శ్రీనివాస్ మెత్తగా ఇంకో దారి చూపించాడు. "మీరు శ్రమపడొద్దు, మెషీన్ పాడుతుంది, స్టేజీ మీద మీరు పెదవులు కదిపితే చాలు" అట. ఇన్నాళ్ళలో ఇంత మర్యాదగా నన్ను ఎవరూ చచ్చిపొమ్మనలేదు.

నాతో ఇద్దరు వస్తున్నారు. గిటారు వాయించే ఆనంద్, రికార్డింగు చూసే హిమజ. హిమజ ఆ కంపెనీ స్టూడియోలోనే పనిచేసేది. నా గొంతు మెషీన్‌కి ఎక్కించే పని చెయ్యనని మానేసి వచ్చింది. కార్తీకంలో వస్తాం.

యామిని


పలాస,
అక్టోబరు.

యామినీ,

షెడ్డు వద్దు. రేకుల మీద వాన పడితే నీ పాట ఎవరికీ వినబడదు. సంతబొమ్మాళి మండలంలో సముద్రపు ఒడ్డున తుఫాను షెల్టరు ఉంది. సిమెంటు కట్టడం, పైన పెద్ద హాలు. అక్కడి పెద్దలతో మాట్లాడాను. మా షెడ్డులో పనిచేసే అప్పలనరసమ్మగారి పుట్టిల్లు ఆ ఊరే. "తుపానొత్తే ఎక్కుతాం గానీ, పాటకి ఎప్పుడూ ఎక్కనేదు, రమ్మనండి" అన్నారు వాళ్ళు.

ఎందుకు మార్చావని ఎక్కువ అడక్కు. రా.

ఉష


హైదరాబాద్,
డిసెంబరు.

అక్కా,

కచేరీ చేసి తిరిగి వచ్చాక ఉత్తరం రాయడానికి చెయ్యి ఆడలేదు. మొదట కోపం సంగతి. అమ్మ నిన్న ఫోన్లో నోరు జారింది. మీ షెడ్డు పోయిందట కదా! నాలుగు రోజులు నీ దగ్గరే ఉన్నాను, నా పళ్ళెంలో చేపల పులుసు వడ్డిస్తూ కూడా ఒక్క మాట అనలేదు. నేను సగమే చెప్తానని నన్నంటావా?

రెండోది. హిమజ, ఆనంద్, నేను రికార్డింగు వింటున్నాం. మూడో పాటలో, "గాలీ, నా గుమ్మం దాకా రా" దగ్గర, బయట నుంచి మిరప మిఠాయి మోత మొదలైంది గుర్తుందా? నేను దాన్ని మించి పాడాలని గొంతు పెంచాను, అది నిలువునా చీలిపోయింది. ఆగిపోయాను. తరవాత చాలాసేపు గోల. ఏదో ఆడగొంతు గట్టిగా వినిపిస్తుంది, మాటలు తెలియవు. జనమంతా మెట్లు దిగిపోతున్న చప్పుడు. తరవాత మోత ఆగింది. అందరూ తిరిగి వచ్చి కూర్చున్నారు. చీలిన చోట నుంచే, శ్రుతి దించి మళ్ళీ ఎత్తుకున్నాను.

ఆనంద్ ఆ ముక్క మొత్తం కోసెయ్యాలంటాడు. "గొంతు పోయిందని వాళ్ళు అంటున్నదానికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది" అంటాడు. హిమజ ఎటూ చెప్పడం లేదు. నేను కదలకుండా కుర్చీలో కూర్చుండిపోయాను, కిందేం జరిగిందో నాకు తెలియదు. ఆ రోజు అందరూ "ఏం లేదు, ఏం లేదు" అన్నారు. నువ్వు కింద ఉన్నావు. ఉన్నది ఉన్నట్టు రాయి. తరవాతే నిర్ణయిస్తాను.

యామిని


పలాస,
డిసెంబరు.

యామినీ,

కోపం తెచ్చుకో, నీ హక్కు. ముందు షెడ్డు సంగతి చెప్తాను, రెండూ ఒకటే కథ.

షెడ్డు జగన్నాథరావుగారిదని నీకు తెలుసు. టెక్కలి వైపు రాజకీయాల్లో తిరిగే మనిషి. ఆయన కొడుకు బాబీ ఉత్సవాలకి పాటల ప్రోగ్రాములు కుదురుస్తాడు. మీ కంపెనీ వాళ్ళ దగ్గర నుంచే గాయకుల్ని తెస్తాడట. అక్టోబరులో జగన్నాథరావుగారు మమ్మల్ని పిలిపించారు. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, "మీ మరదలి పాట నా షెడ్డులో గానీ, ఇంకెక్కడయినా గానీ మీరు దగ్గరుండి పెట్టించారంటే షెడ్డు ఖాళీ సెయ్యాల. ఆలోసించుకోండి" అన్నారు. మీ బావ కాఫీ పూర్తిగా తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఆలోసించుకోడానికేటుందండీ" అని లేచారు. ఇక పాట మానుకుందామంటారేమో అని నేను అనుకున్నాను. పాట ముందురోజు తాళాలు తీసుకెళ్ళి ఆ ఇంటి అరుగు మీద పెట్టి వచ్చేశారు. నువ్వు వచ్చి అన్నం తింటుంటే ఇది చెప్తే ముద్ద దిగేదా? ఆపైన నువ్వు "నా వల్ల మీకెందుకు, మానేస్తాను" అనేదానివి. అనవా? అందుకే చెప్పలేదు. మళ్ళీ అయినా చెప్పను.

ఇప్పుడు ఆ రోజు సంగతి. పైన నువ్వు చూసినవి నీకు తెలుసు. హిమజ సిమెంటు గోడలకి మోత ఎక్కువని గోల పెడితే ఊరివాళ్ళు ఇళ్ళలోంచి దుప్పట్లు, బొంతలు, చివరికి వలలు తెచ్చి గోడలకి కట్టారు. ఫ్యాన్లు ఆపేస్తే ఒక్కరూ సణగలేదు. పిల్లని చంకనేసుకున్న ఒకామె అది ఏడుస్తుందేమోనని మొత్తం మొదటి పాట మెట్ల మీదే నిలబడి వింది. నీ గొంతు మొదలవగానే వెనక ఎవరో, "ఈవిడేనేటి? పాటల్లోన సన్నగుంటాది గదా" అన్నారు. పిన్ని వెనక్కి తిరిగి చూసిన చూపుకి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. రెండో పాటకి నేను కళ్ళు తుడుచుకున్నాను. నీ గొంతు బాగుందని కాదు. ఇన్నాళ్ళూ నీ పాటలో ఉన్నది నువ్వేనా అని నాకు అనుమానంగా ఉండేది. ఆ రోజు అనుమానం లేదు.

మూడో పాటలో ఆ మోత రాగానే నేను కిందకి పరుగెత్తాను. బాబీ ట్రక్కు మీద పెద్ద పెద్ద సౌండు బాక్సులు పెట్టి తెచ్చాడు. నీ గొంతే, మిరప మిఠాయి, చెవులు పగిలిపోయేలా. నా వెనకే అప్పలనరసమ్మగారు దిగారు. నువ్వు విన్న గొంతు ఆవిడదే.

"ఒరే బాబూ, లోపల మనిసి పాడతన్నాది. ఆపు" అంది.

బాబీ నవ్వాడు. "ఇదీ ఆవిడ గొంతే గదేటి పెద్దమ్మా! నానేటి తప్పు సేసినాను? ఆవిడ పాటే ఏసినాను."

"ఆవిడ గొంతయితే ఆవిడ దగ్గరుండాల గానీ, నీ బండిలోకి ఎలగొచ్చినాది?" అంది ఆవిడ.

బాబీ నవ్వు ఆగిపోయింది. మోత ఇంకా పెంచాడు. అప్పటికి పైనున్న జనమంతా దిగి వచ్చారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు, రాయి ఎత్తలేదు. బండి చుట్టూ నిలబడ్డారంతే. మీ బావ సంగతి నీకు తెలుసు కదా, సంతలో బేరమాడడానికి కూడా సిగ్గుపడతారు. ఆయన మెల్లగా జనంలోంచి వెళ్ళి, బండెక్కి, వైరు పీకి, చుట్టచుట్టి బాబీ చేతిలో పెట్టారు.

"రేపటికల్లా షెడ్డు తాళాలు మా ఇంట్లో ఉండాల!" అని అరిచాడు బాబీ.

"నిన్ననే మీ అరుగు మీద ఎట్టీసినాను బాబూ. సూసుకోనేదేటి?" అన్నారు మీ బావ.

జనం నవ్వారు. బాబీ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మేమంతా పైకొచ్చి కూర్చున్నాం. నువ్వు ఉన్నచోటే ఉన్నావు, గిటారు ఆగిన చోటే ఉంది. నువ్వు "మొదటి నుంచి పాడనా?" అని అడగలేదు. చీలినచోట పట్టుకుని పాడావు. ఆ గొంతు లేవడం నేను చూశాను. అది కోసేస్తే నిన్ను కోసేసినట్టే. ఇది నా మాట. ఆనంద్‌కి నచ్చకపోతే నన్ను తిట్టమను.

షెడ్డు గురించి దిగులు పడకు. హరిశ్చంద్రపురం స్టేషన్ దగ్గర చిన్న గోడౌను చూశాం. ఆడవాళ్ళంతా రైలెక్కి వస్తామంటున్నారు. అప్పలనరసమ్మగారయితే కిటికీ పక్క సీటు తనదేనని ఇప్పుడే చెప్పేశారు.

నీ అక్క,
ఉష


హైదరాబాద్,
ఫిబ్రవరి.

అక్కా,

నీ ఉత్తరం ఆనంద్‌కి చదివి వినిపించాను. గిటారు తీగలు బిగించుకుంటూ, "ఉంచుదాం" అన్నాడు. హిమజ అప్పలనరసమ్మగారి మాటలు వినిపించేలా ఆ చోటు కొంచెం తేటపరిచింది. నా చీలిక మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. "ఉన్న గొంతు" అని పేరు పెట్టి మొత్తం కచేరీ బయటపెట్టాం.

మిరప మిఠాయి విన్నంతమంది వినలేదు. వింటారని నేనూ అనుకోలేదు. "గేదె అరిచినట్టుంది" అని ఒకడు రాశాడు. "మా అమ్మ గుర్తొచ్చింది" అని ఇంకొకరు. చాలామంది మాత్రం మూడో పాట దగ్గర ఆగి, బయట ఆ పాట పాడుతున్నదెవరని అడిగారు. లోపల యామిని, బయట యామిని, ఇదెలా కుదిరిందని. ఆ ప్రశ్న ఊరంతా తిరిగింది.

పోయిన వారం కంపెనీ పిలిచింది. లాయరుతో వెళ్ళాను. పొడుగాటి బల్లకి అవతల శ్రీనివాస్, వాళ్ళ లాయరు, ఇంకో పెద్దాయన. వాళ్ళ ఆరోపణ ఏమిటో ఊహించగలవా? మూడో పాట వెనక వినబడుతున్న మిరప మిఠాయి వాళ్ళ సొత్తట. వాళ్ళ అనుమతి లేకుండా నా రికార్డులో వాడుకున్నానట. ఆ ముక్క తీసెయ్యాలి, లేకపోతే కోర్టుకి వెళ్తారు.

మా లాయరు నోరు తెరవబోయారు. నేను ఆగమన్నాను.

"తీసేస్తాను. ఒక్క మాట చెప్పండి. ఆ పాట పాడిందెవరు?" అన్నాను.

శ్రీనివాస్ నవ్వాడు. "మీరే కదా మేడమ్. కవరు మీద మీ పేరే ఉంది."

"నేనే అయితే ఏ స్టూడియోలో పాడాను? రికార్డింగు ఎవరు చేశారు? ఆ నెలలో నేను మాటైనా మాట్లాడకూడదని నా డాక్టరు కోర్టుకొచ్చి చెప్తారు. పాడింది మెషీన్ అయితే అదే రాసివ్వండి, అందరికీ చూపించి అప్పుడు తీసేస్తాను."

పెద్దాయన శ్రీనివాస్ వైపు చూశాడు. శ్రీనివాస్ తమ లాయరు వైపు చూశాడు. లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను పాడానంటే అబద్ధం, మెషీన్ అంటే ఇన్నాళ్ళూ జనాన్ని మోసం చేసినట్టు. ఇలా ఎదురు ప్రశ్న వెయ్యడం నాకు నేర్పింది అప్పలనరసమ్మగారు, ఆవిడకి చెప్పు.

"కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు పెద్దాయన. మిరప మిఠాయి తీసేస్తారట, బదులుగా నేను "ఉన్న గొంతు" తీసెయ్యాలట. ఇద్దరికీ గౌరవంగా ఉంటుందట.

"నాది తీసెయ్యను. దాన్లో పాడింది ఎవరో నాకు తెలుసు" అని లేచి వచ్చేశాను. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాను అక్కా. కంపెనీ పోయింది, వాళ్ళిచ్చిన కారు పోయింది, ఎండలో నిలబడి ఆటో కోసం చెయ్యి ఎత్తాను. ఆటోలో కూర్చున్నాక ఎందుకో గట్టిగా పాడాలనిపించింది. పాడాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "గొంతు బాలేదా అమ్మా?" అని అడిగాడు. "ఇదే నా గొంతు" అన్నాను.

వచ్చే నెల నందిగాంలో పాడమని అడిగారు. ఆ తరవాత విశాఖపట్నంలో. పెద్ద హాళ్ళు కావు, వెళ్తున్నాను.

నేను రాసిమ్మన్న జవాబు ఇంకా రాలేదు. మిరప మిఠాయి మాత్రం నిన్నటి నుంచి ఎక్కడ వెతికినా దొరకడం లేదు. నా పాట ఉంది, చీలిన చోటుతో సహా.

నీ చెల్లి,
యామిని